కన్యస్త్రీల శిక్షణ: వెనక్కి వచ్చే వీలు ఎప్పటిదాకా ఉంటుంది?

ప్రశ్న: ఇంటర్ పూర్తిచేసిన మా అన్నయ్య కూతురు మఠంలో చేరతానని పట్టుబడుతోంది. వదిన రోజూ కన్నీళ్లు పెట్టుకుంటున్నారు. చేరిన తరువాత మనసు మారితే ఇంటికి రావచ్చునా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1: తప్పకుండా రావచ్చునండీ. మొదట కొంతకాలం మఠంలో ఉండి ఆ జీవితాన్ని చూశాక నోవిషియేట్ అనే శిక్షణ దశలో చేరతారు. శ్రీసభ (కథోలిక చర్చి) చట్టం ప్రకారం అది కనీసం 12 నెలలు ఉండి తీరాలి, ఆ కాలంలో అమ్మాయి తనంతట తాను వెళ్లిపోవచ్చు, మఠంవారూ పంపించవచ్చు. ఆపైన పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అనే మూడు వ్రతాలను గడువు పెట్టుకుని స్వీకరిస్తారు. ఈ తాత్కాలిక దశ మొత్తం 3 ఏళ్లకు తగ్గకూడదు. గడువు ముగిసినప్పుడల్లా వెళ్లే స్వేచ్ఛ ఉంటుంది. నిత్య మాటపట్టుకు, అంటే జీవితాంతానికి వ్రతాలు స్వీకరించడానికి, 21 ఏళ్లు నిండాలి.

జవాబు 2: మదర్ తెరెసా 1950లో కోల్‌కతాలో స్థాపించిన మిషనరీస్ ఆఫ్ ఛారిటీ అనే కన్యస్త్రీల సభలో నాలుగో వ్రతం కూడా ఉంది: నిరుపేదలకు మనస్ఫూర్తిగా, ఉచితంగా సేవ చేయడం. మా అక్క వేరే సభలో చేరింది. నిత్య మాటపట్టు నాడు పునీతుల ప్రార్థన పాడుతున్నంతసేపు ఆమె పీఠం ముందు నేలమీద బోర్లా పడుకుని ఉంటే, మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అక్క వచ్చి వేలికున్న ఉంగరం చూపించాక గానీ ఊరుకోలేదు. మీ వదినగారిని ముందుగా ఆ మఠానికి తీసుకెళ్లి, శిక్షణ ఇచ్చే సిస్టర్‌గారితో నేరుగా మాట్లాడించండి.