జీఎస్టీ రిపోర్టు తెరవగానే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ మూసుకుపోతోంది, దయచేసి దారి చెప్పండి

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. నాన్నగారి కిరాణా హోల్‌సేల్ కొట్టు లెక్కలు నేనే చూస్తాను. ఆంధ్రాలోని పాతపట్నం, టెక్కలి వైపు కూడా సరుకు వెళ్తుంది. అందుకే ఇక్కడి బిల్లులకు సీజీఎస్టీ, ఎస్జీఎస్టీ (కేంద్ర, రాష్ట్ర పన్నులు), ఆంధ్రా బిల్లులకు ఐజీఎస్టీ (రాష్ట్రం దాటే సరుకు పన్ను), అన్నీ ఒకే కంపెనీ ఫైల్‌లో ఉన్నాయి. 2019 నుంచి దాన్ని విడగొట్టలేదు.

బిల్లు కొట్టేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. స్టాక్ సమ్మరీ గానీ జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్న్) గానీ తెరిస్తే చాలు, టాస్క్ మేనేజర్‌లో సీపీయూ 100 శాతానికి వెళ్తుంది, రెండు నిమిషాల్లో సాఫ్ట్‌వేర్ మూసుకుపోతుంది. డిస్క్ వాడకం మాత్రం 10 శాతం దాటదు. అందుకే ఎస్ఎస్‌డీ (వేగంగా పనిచేసే డిస్క్) వేయించినా ఉపయోగం ఉండదేమో అనిపిస్తోంది. ర్యామ్ 4 జీబీ.

సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేశాను. డేటా ఫోల్డర్‌ను యాంటీవైరస్ స్కాన్ నుంచి మినహాయించాను. మార్పు లేదు. ఈ గొడవ మొదలయ్యే ముందు రోజు ఎంట్రీ మధ్యలో కరెంటు పోయింది. నా అనుమానమంతా దాని మీదే.

బ్యాకప్‌ను వేరే కంప్యూటర్‌లో తెరిస్తే తప్పు డేటాదో మెషీన్‌దో తేలుతుందా? డేటాను సంవత్సరాల వారీగా విడగొడితే పార్టీల పాత బాకీలు సరిగ్గా వస్తాయా? నాన్నగారి ఇన్నేళ్ల ఖాతాలు అందులోనే ఉన్నాయి. 11వ తేదీలోగా రిటర్న్ వేయాలి, చాలా టెన్షన్‌గా ఉంది.