కొత్త ఊళ్లో కుటుంబ వైద్యుణ్ణి ఎలా ఎంచుకోవాలి? ఏ పరీక్షలు నిజంగా అవసరం?

ప్రశ్న (అడిగినవారు: ఖమ్మం నుంచి వచ్చినవాడు)

మేము ఖమ్మం నుంచి హైదరాబాదుకు వచ్చి రెండేళ్లయింది. అక్కడ మా వీధి చివర డాక్టరు గారు తాతగారి కాలం నుంచీ మా ఇంట్లో అందరినీ చూసేవారు. ఎవరికి ఏ మందు పడదో ఆయనకు మేము చెప్పవలసిన పని ఉండేది కాదు. ఇక్కడ నాన్నగారి షుగరుకు ఒకరు, మోకాళ్లకు మరొకరు, జలుబు జ్వరాలకు ఆ పూట తెరిచి ఉన్న క్లినిక్కు అన్నట్టుగా సాగుతోంది. గత నెలలో మోకాళ్ల నొప్పికి ఒకరు, నడుము నొప్పికి మరొకరు రాసిన మాత్రలు వేర్వేరు కంపెనీల పేర్లతో ఉన్న ఒకే డైక్లోఫెనాక్ అని తెలియక, ఆయన ఎనిమిది రోజులు రెండూ వేసుకున్నారు. తరువాతి రక్తపరీక్షలో, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.1 నుంచి 1.7కు పెరిగింది. మందు ఆపాక తగ్గింది. ఎవరినీ తప్పు పట్టలేము. ఒకరి చీటీ సంగతి మరొకరికి తెలియదు.

నాన్నగారికి 67 ఏళ్లు, పన్నెండేళ్లుగా షుగరు ఉంది. అమ్మకు 61, ఏ జబ్బూ లేదు. నాకు 38, నా భార్యకు 35, పాపకు పదేళ్లు. మా అందరికీ ఒకే వైద్యుణ్ణి చూసుకోవాలంటే ఎంబీబీఎస్ చాలునా, ఎండీయే కావాలా? ఏటా ఆస్పత్రుల వాళ్లు ఫోను చేసి చెప్పే హెల్త్ చెకప్ ప్యాకేజీ తీసుకోవాలా?

సమాధానం 1 (విశ్రాంత ప్రభుత్వ వైద్యుడు, వరంగల్లు)

అనుభవమున్న ఎంబీబీఎస్ డాక్టరు చాలా ఇళ్లకు సరిపోతారు. మీ నాన్నగారి పరిస్థితిని బట్టి జనరల్ మెడిసిన్‌లో గానీ ఫ్యామిలీ మెడిసిన్‌లో గానీ పీజీ చేసినవారు దొరికితే మరీ మంచిది. చీటీ మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలన్నది నియమం. దానిని రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ జాబితాలో సరిచూసుకోవచ్చు. (మన పల్లెల్లో ఆర్‌ఎంపీ అని పిలుచుకునేవారు ఈ జాబితాలో ఉండరు.)

డిగ్రీ కన్నా ముఖ్యమైనది మొదటి రోజునే తెలిసిపోతుంది. పాత చీటీలు చూపించమని అడిగారా? ఇంట్లో ఇంకా ఏయే మాత్రలు వాడుతున్నారో, ఆయుర్వేద మందులతో సహా, కనుక్కున్నారా? మందు అసలు పేరును చదవగలిగేటట్టు రాశారా? తనకు సంబంధించని సమస్యను స్పెషలిస్టుకు పంపి, ఆయన రాసినదాన్ని తిరిగి తెచ్చి చూపించమన్నారా? ఈ చివరి మాట అనని డాక్టరు ఎంత గొప్పవారైనా మీకు కుటుంబ వైద్యుడు కాలేరు, ఎందుకంటే మీ ఇంట్లో జరిగిన పొరపాటు సరిగ్గా అక్కడే పుట్టింది. షుగరు ఉన్నవారికి, అందులోనూ వయసు మీరినవారికి, నొప్పి మాత్రలు కిడ్నీల మీద భారం వేస్తాయి; మందుల షాపులో అడిగి కొనుక్కోవడం కూడా మాన్పించండి.

ఇక నాన్నగారి సంగతి. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష, షుగరు అదుపులో లేకపోతే మూడు నెలలకు, నిలకడగా ఉంటే ఆరు నెలలకు చాలు. ఏడాదికొకసారి మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీను, రక్తంలో క్రియాటినిన్, కొలెస్ట్రాల్ చూడాలి. పాదాల స్పర్శను పరీక్షించాలి. చూపు బాగానే ఉన్నా సరే, కళ్లలో చుక్కలు వేసి రెటీనాను (కంటి లోపలి వెనక పొరను) చూపించాలి. నా అనుభవంలో అందరూ వాయిదా వేసేది ఇదే, చూపు తగ్గాక వచ్చేవారికి మేము చేయగలిగేది కొంతే. ఏటా ఫ్లూ టీకా, న్యుమోనియా టీకా సంగతి కూడా డాక్టరుతో మాట్లాడండి.

సమాధానం 2 (స్టాఫ్ నర్సు, గుంటూరు జిల్లా)

అమ్మగారికి ఏ జబ్బూ లేదని రాశారు. చివరిసారి బీపీ ఎప్పుడు చూపించారో చెప్పగలరా? మా దగ్గరకు భర్తకు తోడుగా ఏళ్ల తరబడి వచ్చే ఆడవాళ్లు ఎందరో ఉన్నారు. ఆయన ఫైలు వాళ్ల చేతిలోనే ఉంటుంది గానీ, వాళ్ల పేరుతో ఒక్క కాగితం కూడా ఉండదు.

ముప్ఫై ఏళ్లు దాటినవారికి బీపీ, షుగరు ఏడాదికొకసారి చూడాలన్నది ప్రభుత్వ జాతీయ ఆరోగ్య కార్యక్రమంలోనే ఉంది. నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు ఐదేళ్లకొకసారి చూస్తారు, కాబట్టి మీ భార్యకు కూడా ఇది వర్తిస్తుంది. ముఖద్వారానికి ఎసిటిక్ యాసిడ్ ద్రావణం పూసి చూసే పరీక్ష కొద్ది నిమిషాల పని. పాపకు ఈ ముఖద్వార క్యాన్సరును అడ్డుకునే హెచ్‌పీవీ టీకా వేయించడానికి ఇదే మంచి వయసు: తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల లోపు మొదలుపెడితే ఆరు నెలల తేడాతో రెండు డోసులు చాలు, పదిహేను దాటితే మూడు కావాలి.

సమాధానం 3 (సనత్‌నగర్ నివాసి)

ప్యాకేజీ గురించి నా అనుభవం చెబుతాను. రెండేళ్ల క్రితం ఒకచోట ఎనభైకి పైగా పరీక్షల ప్యాకేజీ తీసుకుంటే, అందులో ఎవరూ అడగని ట్యూమర్ మార్కర్ (క్యాన్సరు జాడ కోసం రక్తంలో చూసే పదార్థం) ఒకటి కొంచెం ఎక్కువగా వచ్చింది. రెండు స్కానింగులు, మూడు వారాల నిద్రలేని రాత్రుల తరువాత ఏమీ లేదని తేలింది. లక్షణాలేవీ లేనివారికి అటువంటి పరీక్ష వలన లాభం కన్నా కంగారే ఎక్కువని అప్పుడు మా డాక్టరు గారు వివరించారు. ముందు డాక్టరును చూసుకుని, ఆయన రాసిన పరీక్షలనే చేయించుకోండి. ఆదాయపు పన్ను పాత విధానంలో ఉంటే ముందస్తు ఆరోగ్య పరీక్షలకు 5,000 రూపాయల వరకు మినహాయింపు ఉంటుంది. నగదుగా చెల్లించినా వర్తిస్తుంది. మీకు, నాకు ముందు కావలసింది టేపు: మగవారికి నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటితే జాగ్రత్త పడాలి.

అడిగినవారి జవాబు

అందరికీ కృతజ్ఞతలు. ఇంటికి పది నిమిషాల నడక దూరంలో ఉన్న ఒక ఎండీ గారి దగ్గరకు నిన్న సాయంత్రం వెళ్లాము. నాన్నగారి చీటీలన్నీ బల్ల మీద పరిచి, పదకొండు మాత్రల్లో రెండు గ్యాస్ మాత్రలు ఒకటేనని చూపించి ఒకదాన్ని కొట్టివేశారు. వచ్చిన పని అయిందనుకుని లేస్తుంటే, "మీరు కూర్చోండమ్మా" అని అమ్మ చేతికి పట్టీ చుట్టారు. 164/96 ఉంది. వారం పాటు ఉదయం, సాయంత్రం ఇంట్లోనే చూసి రాసుకుని రమ్మన్నారు. అమ్మ పేరుతో ఈ ఉదయం ఒక ఫైలు కొన్నాను.