4 ఓమ్ టవర్ స్పీకర్లకు ఏ రిసీవర్: వాట్లు ఎక్కువున్నదా, రూమ్ కరెక్షన్ బాగున్నదా?

కొత్తగది
అందరికీ నమస్కారం. పాత 5.1 హోమ్ థియేటర్ రిసీవర్ 4కె వీడియో పంపడం లేదు, మార్చక తప్పదు. వెతికి వెతికి రెండిటి దగ్గర ఆగాను. మోడల్ పేర్లు కావాలనే రాయడం లేదు, రాస్తే బ్రాండ్ల గొడవ మొదలవుతుంది.

మొదటిది: 9 చానెళ్లు, అట్టపెట్టె మీద 185 వాట్లు. లోపలి పేజీలో మాత్రం 8 ఓమ్, 2 చానెళ్లు, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్, 110 వాట్లు అని ఉంది. బరువు 14 కిలోలు. రూమ్ కరెక్షన్ (మైక్‌తో గదిని కొలిచి శబ్దాన్ని సరిచేసేది) మామూలుది, సబ్‌వూఫర్‌ను అసలు సరిచేయదు. సబ్‌కు తప్ప ప్రీఅవుట్లు (బయటి యాంప్‌కు సిగ్నల్ ఇచ్చే సాకెట్లు) లేవు.

రెండోది: 7 చానెళ్లు, అవే షరతుల మీద 80 వాట్లు, 10 కిలోలు. రూమ్ కరెక్షన్‌కు డిరాక్ లైవ్ ఉంది, అన్ని చానెళ్లకూ ప్రీఅవుట్లు ఉన్నాయి.

గది 5.5 మీటర్లు × 4 మీటర్లు, ఎత్తు 3. సీటు టవర్లకు 3.5 మీటర్ల దూరం. టవర్లు 4 ఓమ్, 2.83 వోల్టులకు 1 మీటర్ దగ్గర 86 డెసిబెల్. సెంటర్ 6 ఓమ్, వెనకవి 8 ఓమ్, 12 అంగుళాల సబ్ ఒకటి. ఏది తీసుకోమంటారు?

రాగితీగ
మొదటిదే తీసుకోండి. కారణం మీ టవర్లే. 2.83 వోల్టులంటే 8 ఓమ్ స్పీకర్‌కు 1 వాట్. మీది 4 ఓమ్, అదే వోల్టేజీకి 2 వాట్లు లాగుతుంది. వాట్ లెక్కన చూస్తే మీ టవర్ 83 డెసిబెలే. కాగితం మీద 86 చూసి మోసపోవద్దు. పైగా 4 ఓమ్ అన్నది పేరుకే. ఇలాంటి టవర్లు కింది బేస్ దగ్గర 3.2 ఓమ్ దాకా దిగడం మామూలు. ఫేజ్ కోణం (వోల్టేజీకీ కరెంటుకూ మధ్య ఎడం) కూడా తోడైతే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు ఇంకా వేడెక్కుతాయి. అది తట్టుకోవాలంటే పెద్ద ట్రాన్స్‌ఫార్మర్, పెద్ద కెపాసిటర్లు, వెడల్పాటి హీట్‌సింక్ కావాలి. ఆ నాలుగు కిలోల తేడా అదే.

ఇంకో మాట. మెనూలో 4 ఓమ్ సెట్టింగ్ ఉంటే దాని జోలికి పోకండి. చాలా రిసీవర్లలో అది యాంప్‌కు అందే సప్లై వోల్టేజీని తగ్గిస్తుంది. పెట్టె చల్లగా ఉంటుంది గానీ పవర్ పడిపోయి క్లిప్పింగ్ (పీక్‌లు తెగి శబ్దం నలగడం) ముందే మొదలవుతుంది. 8 ఓమ్ మీదే ఉంచి, పెట్టె పైన 15 సెంటీమీటర్లు ఖాళీ వదలండి.

ఎనభై_హెర్ట్జ్
రెండోది. 110కీ 80కీ తేడా ఎంతో లెక్కేద్దాం: 1.4 డెసిబెల్. వాట్లు రెట్టింపైతే వచ్చేదే 3 డెసిబెల్, ఇక్కడ సగం కూడా లేదు. వాల్యూమ్ మూడు మెట్లు తిప్పితే వచ్చే తేడా అది.

మీ గది వైపు చూడండి. 5.5 మీటర్ల పొడవుకు 31 హెర్ట్జ్ దగ్గర, 4 మీటర్ల వెడల్పుకు 43 దగ్గర, 3 మీటర్ల ఎత్తుకు 57 దగ్గర బేస్ నిలబడిపోతుంది. ఆ చోట్ల 10 డెసిబెల్ పైగా ఉబ్బు రావడం సర్వసాధారణం. 1.4 కోసం 10ని వదిలేస్తారా? సబ్‌నే సరిచేయని కరెక్షన్ ఈ గదిలో దేనికి పనికొస్తుంది?

టవర్లు పెద్దవైనా సరే, మెనూలో "స్మాల్" అని పెట్టి క్రాస్‌ఓవర్ (బేస్ సబ్‌కు మళ్లే హద్దు) 80 హెర్ట్జ్ ఇవ్వండి. కరెంటు ఎక్కువ తినే బేస్ భాగం సబ్ సొంత యాంప్‌కు పోతుంది. రాగితీగ గారు భయపెడుతున్న ఆ 3.2 ఓమ్ పల్లం 80 కిందే ఉంటే దాంతో పేచీయే లేదు.

నిశ్శబ్దం
అట్టపెట్టె మీది 185 సాధారణంగా ఒక్క చానెల్, 6 ఓమ్, 1 కిలోహెర్ట్జ్, 10 శాతం డిస్టార్షన్ లెక్క. ఇలాంటి అంకెలకు అడ్డుకట్ట వేయడానికే అమెరికా వాణిజ్య నియంత్రణ సంస్థ ఎఫ్‌టీసీ 1974లో నియమం పెట్టింది, 2024లో దాన్ని బిగించింది. 110నీ 80నీ మాత్రమే పోల్చండి.

రాగితీగ
ఆ 110, 80 కూడా రెండు చానెళ్లకే. ఐదూ ఒకేసారి నడిస్తే ఎంత ఇస్తుంది? అన్నిటికీ ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే. వెనక ప్లేట్ మీద కరెంటు వాడకం ఎంత రాశారో చూడండి. 500 వాట్లు అని ఉంటే, ఏబీ క్లాస్ యాంప్‌లో వేడికి పోగా స్పీకర్లకు చేరేది 300 లోపే. ఐదుతో భాగించండి, అప్పుడు 80 ఎక్కడుందో తెలుస్తుంది.

ఈ పేపర్ లెక్కలు నమ్మి 4 ఓమ్ స్పీకర్లు తగిలించాక పెట్టె మాడితే దిక్కెవరు? "వెనక 6 నుంచి 16 ఓమ్ అని అచ్చువేశాం కదా, వారంటీ వర్తించదు" అని ఒక సర్వీసు సెంటర్ మొహం మీదే చెప్పింది. యాంప్‌లో సత్తా ఉంటే 4 ఓమ్ అని రాయడానికి కంపెనీకి ఏం అడ్డం?

సురేఖ_ఎవి
రాగితీగ గారూ, వారంటీ గురించి అంత పట్టింపు ఉన్నప్పుడు 4 ఓమ్ సెట్టింగ్ ముట్టుకోవద్దని మీరే ఎలా చెప్పారు? మాన్యువల్‌లో పెట్టమని ఉండి పెట్టకపోతే వాళ్లకు అదీ సాకే. కొత్తగది గారు కొనేముందు రెండు మాన్యువల్స్‌లోనూ ఆ పేజీ చదవడం మంచిది.

ఎనభై_హెర్ట్జ్
ప్లేట్ మీది అంకె గరిష్ఠ వాడకం కాదండీ. చాలావాటికి అది భద్రతా పరీక్షలో, పూర్తి పవర్‌లో ఎనిమిదో వంతు దగ్గర కొలిచింది. దాన్ని ఐదుతో భాగిస్తే వచ్చేదానికి అర్థం లేదు. ఐదు చానెళ్లలో ఒకేసారి ఆగకుండా సైన్ వేవ్ మోగడం ల్యాబ్ బెంచ్ మీదే జరుగుతుంది. సినిమాలో ఒక పేలుడు సగం సెకను, అదీ ఎక్కువ భాగం సబ్‌లో. సగటుకూ పీక్‌కూ మధ్య 15, 20 డెసిబెల్ ఎడం ఉంటుంది. ఆ క్షణాలకు కెపాసిటర్లలో నిల్వ ఉన్న కరెంటు సరిపోతుంది.

సురేఖ_ఎవి
ఎనభై గారి లెక్కలోనూ ఒక లొసుగుంది. రూమ్ కరెక్షన్ ఊరికే రాదు, అదీ పవర్ తింటుంది. గ్రాఫ్‌లో గుంత కనిపించింది కదా అని అక్కడ 6 డెసిబెల్ లేపితే యాంప్ నాలుగింతల వాట్లు ఇవ్వాలి. ఆ గుంత ప్రతిబింబాలు ఒకదాన్నొకటి కొట్టేసుకోవడం వల్ల వచ్చిందైతే ఎంత పోసినా నిండదు. ఉబ్బులు నరకండి, గుంతలు వదిలేయండి, సబ్‌నో సీటునో అర మీటరు జరిపి చూడండి. మైక్‌ను సోఫా వీపు మీద పెట్టకుండా స్టాండుకు బిగించి చెవి ఎత్తులో ఉంచాలి. వెనక కుషన్ ఉంటే పై ఫ్రీక్వెన్సీల కొలత చెడుతుంది.

రాగితీగ
చూశారా! నేను మొదటినుంచీ మొత్తుకుంటున్నది ఇదే. కరెక్షన్ పేరుతో స్పీకర్ తయారుచేసినవాడి పనంతా చెరిపేస్తారు. 2 కిలోహెర్ట్జ్ దగ్గర కావాలని ఒక పల్లం, పైన ఒక వాలు, ఆఖరికి అన్ని స్పీకర్లూ ఒకే గొంతుతో మాట్లాడతాయి. అసలుకే ఎసరు. ఆటో కాలిబ్రేషన్ నొక్కి "అద్భుతం" అని రాసేవాళ్లు ఒక్కసారి ప్యూర్ డైరెక్ట్‌లో (కరెక్షన్ ఆపేసే మోడ్) పెట్టి గాయకుడి గొంతు వినండి. గ్రాఫు చూసి సంగీతం వినేవాళ్లతో నాకు వాదన అనవసరం.

ఎనభై_హెర్ట్జ్
అనవసరమైతే ఇంత పొడుగు జవాబులు ఎందుకు రాస్తున్నారు? ఆ 2 కిలోహెర్ట్జ్ పల్లం ఆడిస్సీ అనే వేరే కరెక్షన్‌లోది. యాప్‌లో మిడ్‌రేంజ్ కాంపెన్సేషన్ ఆపేస్తే పోతుంది. ఇక్కడ మాట్లాడుతున్నది డిరాక్ గురించి. అందులో కర్టెన్ (ఎక్కడిదాకా సరిచేయాలో చెప్పే హద్దు) 300 హెర్ట్జ్ దగ్గర నిలిపితే గొంతు ఉండే మధ్య భాగాన్ని చాలావరకు ముట్టుకోదు. అదీ పైన చెప్పే అవకాశం మీరు ఇవ్వలేదు. ప్యూర్ డైరెక్ట్‌లో బేస్ మేనేజ్‌మెంట్ (బేస్‌ను సబ్‌కు మళ్లించడం) కూడా ఆగిపోతుంది చాలా పెట్టెల్లో, ఇక సబ్ మోగదు. వాల్యూమ్ సరిచూసుకోకుండా రెండు మోడ్లు పోల్చి తీర్పు చెప్పడం తప్పు. స్పీకర్ టెర్మినళ్ల దగ్గర వోల్టేజీ ఒక శాతం తేడాలోపు ఉండాలి, అంటే 0.1 డెసిబెల్. లేకపోతే కాస్త గట్టిగా మోగిందే బాగుందనిపిస్తుంది.

సూటిగా ఒక్కటే అడుగుతున్నాను. మీరు వినేటప్పుడు డయల్ ఎంత మీద ఉంటుంది?

రాగితీగ
మైనస్ 5. ఇందులో దాచడానికేముంది? సినిమాను 85 డెసిబెల్ సగటు, 105 పీక్ మీద మిక్స్ చేస్తారు, డయల్ సున్నా అంటే ఆ మట్టమే. చేసినవాళ్లు విన్నట్టు వినడానికే కదా ఇంత పెట్టుబడి. పీక్ దగ్గర నలిగిపోయిన శబ్దం వింటే నాకు సినిమా అక్కడే ముగిసినట్టు.

ఎనభై_హెర్ట్జ్
సరే, మన గొడవ ఎక్కడుందో ఇప్పుడు తెలిసింది. కొత్తగది గారి టవర్లకే లెక్క వేస్తాను. 3.5 మీటర్లకు దూరం వల్ల పోయేది 11 డెసిబెల్, గోడలు తిప్పికొట్టేది ఓ 3 అనుకుందాం.

మైనస్ 5 దగ్గర పీక్ 100. అంటే 86 మీద 22 డెసిబెల్ లేపాలి: దాదాపు 36 వోల్టులు, 4 ఓమ్‌లో 300 వాట్ల పైమాట. మీరు మెచ్చిన 110 వాట్ల పెట్టె 29.7 వోల్టుల దగ్గరే ఆగిపోతుంది. 80 వాట్లది 25.3 దగ్గర. మీకు రెండూ చాలవు.

మైనస్ 20 దగ్గర పీక్ 85. కావలసింది 6.3 వోల్టులు, 10 వాట్లు. అక్కడ రెండూ ఎక్కువే.

ఇక 85 అన్నది పెద్ద థియేటర్ గదికి. టీవీ ప్రమాణాల సంస్థ ఏటీఎస్‌సీ వాళ్ల ఎ/85 పత్రంలో గది చిన్నదయ్యేకొద్దీ ఆ అంకె దిగుతుంది. 1500 నుంచి 5000 ఘనపుటడుగుల గదికి 76 డెసిబెల్. ఈ గది సుమారు 2300. చిన్న గదిలో గోడల నుంచి తిరిగొచ్చే శబ్దం వెంటనే చెవిన పడుతుంది, అదే మట్టం ఇంకా గట్టిగా తోస్తుంది. 85 పెట్టడమే నిజాయితీ అంటే నేను ఒప్పుకోను.

రాగితీగ
ఆ పత్రం టీవీ ప్రసారాల కోసం రాసింది, సినిమా కోసం కాదు. నా మాట నేను వెనక్కి తీసుకోవడం లేదు. కానీ లెక్క కాదనను, 36 వోల్టులు ఏ రిసీవర్ నుంచీ ఐదు చానెళ్లకు రావు. అలా వినాలంటే బయటి పవర్ యాంప్ పెట్టాల్సిందే, దానికి ప్రీఅవుట్లు కావాలి.

ప్రీఅవుట్ ఉందంటే సరిపోదు. 1.2 వోల్టులు శుభ్రంగా ఇస్తే, 29 డెసిబెల్ గెయిన్ ఉన్న యాంప్ దాన్ని 28 రెట్లు చేసి 34 వోల్టులిస్తుంది, 8 ఓమ్‌లో 143 వాట్లు. 26 డెసిబెల్ గెయిన్ యాంప్ అయితే 24 వోల్టులే, 72 వాట్లు. కొన్నిటిలో ఆ చానెల్ లోపలి యాంప్‌ను విడదీసే ప్రీయాంప్ మోడ్ లేకపోతే, లోపలిది క్లిప్ అయ్యేసరికి ప్రీఅవుట్‌లో కూడా డిస్టార్షన్ వస్తుంది. రెండోదాంట్లో ఆ మోడ్ ఉందా? అది తేలకుండా కొనకండి.

కొత్తగది
ఉంది, మాన్యువల్‌లో ముందు రెండు చానెళ్లకు విడదీయొచ్చని రాశారు. వినేది మామూలుగా మైనస్ 18, 20 దగ్గర. అప్పుడప్పుడూ మైనస్ 12 దాకా. తీగ 16 గేజ్, ఒక్కో టవర్‌కు 10 మీటర్లు వెళ్తుంది.

సురేఖ_ఎవి
ఆ తీగ మార్చండి. రానూ పోనూ 20 మీటర్లకు 0.26 ఓమ్. 4 ఓమ్ స్పీకర్‌కు 5 శాతం లోపు, అంటే 0.2 మించకూడదు. 14 గేజ్ అయితే 0.17. టెర్మినల్ దగ్గర ఒక్క పోగు కూడా పక్కదానికి తగలకుండా చూడండి. రిసీవర్ ఊరికే ఆఫ్ అవుతోందని వచ్చే ఫిర్యాదుల్లో అదీ ఒకటి.

నిశ్శబ్దం
ఊహలెందుకు, పాత రిసీవర్ ఉండగానే కొలవండి. మైనస్ 20 డెసిబెల్ మట్టంలో రికార్డయిన 120 హెర్ట్జ్ టోన్ మోగించండి. డయల్ మీరు వినే చోట పెట్టి, మల్టీమీటర్ ఏసీ వోల్టుల మీద ఉంచి టవర్ టెర్మినళ్ల మీద చూడండి. చవక మీటర్లు కూడా 120 దగ్గర సరిగ్గానే చూపిస్తాయి, 1 కిలోహెర్ట్జ్ వాడితే తప్పు చూపవచ్చు. 20 డెసిబెల్ అంటే వోల్టేజీలో పది రెట్లు, కాబట్టి వచ్చినదాన్ని పదితో గుణిస్తే పూర్తి పీక్‌కు కావలసిన వోల్టేజీ.

కొత్తగది
చూశాను. మైనస్ 18 దగ్గర 0.86 వోల్ట్, అంటే పీక్‌కు 8.6. మైనస్ 12 పెడితే సరిగ్గా రెట్టింపు, 17 చిల్లర. 25.3కి ఇంకా ఎడం ఉంది. రెండోదే తీసుకుంటున్నాను, 14 గేజ్ తీగతో.

రాగితీగ
సెంటర్ దగ్గరా కొలవండి. మాటలన్నీ దాంట్లోంచే వస్తాయి, దాని సెన్సిటివిటీ (2.83 వోల్టులకు ఎన్ని డెసిబెల్) మీరు రాయలేదు. టవర్ కంటే 3 డెసిబెల్ తక్కువైతే దాని ట్రిమ్ (ఆ చానెల్ మట్టం సర్దుబాటు) ఆ మేరకు పైకి పోతుంది, మైనస్ 12 దగ్గర 24 వోల్టులు అడుగుతుంది.