న్యాక్ పని చేస్తే క్లాసులు తగ్గిస్తారా?

నేనొక రాష్ట్ర యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం మాకు వారానికి 16 గంటల బోధన, ప్రొఫెసర్లకు 14. దానికి తోడు డిపార్ట్‌మెంట్ న్యాక్ (యూనివర్సిటీలకు గ్రేడ్ ఇచ్చే సంస్థ) పనంతా నోటిమాటగా నాకే అప్పగించారు. ఐదేళ్ల హాజరు పట్టీలు, సెమినార్ ఫొటోలు, ఫీడ్‌బ్యాక్ ఫారాలు స్కాన్ చేసి ఎక్కించేసరికి రాత్రవుతోంది. నా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి ఇచ్చిన చాప్టర్ అలాగే ఉండిపోయింది. ఆమెకి సమాధానం చెప్పలేకపోతున్నాను, అదే అసలు టెన్షన్. ఉన్నది ఇన్‌చార్జి వీసీ, కొత్త ఆర్డర్లంటే ఎవరూ ముందుకు రావట్లేదు.

మీ దగ్గర ఇలాంటి పనికి క్లాసులు తగ్గించారా? అర్జీ హెడ్ ద్వారానే పంపాలా, నేరుగా రిజిస్ట్రార్‌కి ఇవ్వొచ్చా? సీఏఎస్ (కెరీర్ అడ్వాన్స్‌మెంట్ స్కీమ్) ప్రమోషన్లో ఈ పని లెక్కలోకి రావాలంటే ఏ కాగితం తీసుకోవాలి? అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.