రైఫిల్ గ్యాస్ సిస్టం క్లీన్ చేశాక ప్రెజర్ నిలవట్లేదు, తెలిసినవాళ్లు చెప్పండి

అమ్ములు నాన్న, మారతహళ్లి (రాత్రి 11:40)
సాయంత్రం ఏడింటి నుంచి దీంతోనే కూర్చున్నాను. ఆదివారం మా పాప రైఫిల్ గ్యాస్ సిస్టం అంతా క్లీన్ చేశాను. నాలుగు వీడియోలు చూసి, ఒక్కో మర జాగ్రత్తగా తుడిచి చేశాను. ఇప్పుడు గ్యాస్ నిలవట్లేదు. 200 బార్ (గాలి ఒత్తిడి కొలత) దాకా నింపితే అరగంటలో 185కి దిగుతోంది. ఇవాళ రేంజ్‌లో గుళ్లన్నీ కిందకి పడ్డాయి. గుండుకి తొమ్మిదిన్నర స్కోరుకి తగ్గని పిల్లకి ఏడు, ఎనిమిది వచ్చాయి. శనివారం క్లబ్‌లో సెలెక్షన్. అన్నం కూడా తినకుండా పడుకుంది. ఇంట్లో ఒకటే టెన్షన్. సీల్ పోయిందా? ఎక్కడ దొరుకుతుంది? రాత్రికే ఏదో ఒకటి చేయాలి.

మాజీ సైనికుడు, హలసూరు (11:52)
బాబూ, ముందు గ్యాస్ సిస్టం అంటే ఏమిటో తెలుసుకో. తూటా బారెల్ దాటేలోపు, తూటాలోని పేలుడు మందు కాలి పుట్టిన గ్యాస్‌లో కొంత బారెల్ పైనున్న చిన్న రంధ్రంలోంచి వెళ్లి పిస్టన్‌ని వెనక్కి తోస్తుంది. ఆ తోపుతో ఖాళీ తొడుగు బయటపడి కొత్త తూటా ఎక్కుతుంది. నేను ఎంఈజీలో (సైన్యంలో మద్రాస్ ఇంజినీర్ గ్రూప్) ఉన్నన్నాళ్లూ ఇషాపూర్ ఫ్యాక్టరీలో తయారైన 7.62 ఎస్ఎల్ఆర్ (సెల్ఫ్ లోడింగ్ రైఫిల్) మోశాను. బెల్జియం వాళ్ల ఎఫ్ఏఎల్ రైఫిల్ దానికి మూలం. దానికి గ్యాస్ రెగ్యులేటర్ ఉంటుంది. రైఫిల్ మురికి పడితే దాన్ని తిప్పి పిస్టన్‌కి వెళ్లే గ్యాస్ పెంచుకునేవాళ్లం. కొత్త కుర్రాళ్లు రెండు తప్పులు చేసేవాళ్లు. పిస్టన్ అద్దంలా మెరవాలని ఇటుక పొడి పెట్టి రుద్దడం ఒకటి. అలా రుద్దితే లోహం అరిగి సందు పెరుగుతుంది, గ్యాస్ పక్కనుంచి పోతుంది. రెండోది పిస్టన్‌కి నూనె పూయడం. వేడికి ఆ నూనె మాడి పెచ్చు కడుతుంది. పిస్టన్ పొడిగానే ఉండాలి. నీ పిస్టన్‌కి నూనె రాశావా?

పది మీటర్లు (11:55)
ఏ రైఫిల్? లోపల ఏం పోశారు?

అమ్ములు నాన్న, మారతహళ్లి (11:59)
టెన్ మీటర్ రైఫిల్ సార్ (పది మీటర్ల దూరం పోటీది), జర్మన్‌ది, సెకండ్ హ్యాండ్. పిస్టన్ ఏమీ కనపడలేదు. లోపల ఏమీ పోయలేదు, మామూలు స్ప్రేనే కొట్టాను.

పది మీటర్లు (12:00)
ఏ స్ప్రే?

అమ్ములు నాన్న, మారతహళ్లి (12:04)
తుప్పు వదిలించేది. తలుపు బందులు కిర్రుమంటే కొడతాం కదా, అదే. బారెల్‌లోకి రెండు సార్లు, సిలిండర్ బిగించే మరలకి ఒకసారి. తర్వాత ఇనుప కడ్డీకి గుడ్డ చుట్టి ముందు వైపు నుంచి తోశాను.

పది మీటర్లు (12:05)
ఇంకేమీ చేయకండి.

రేంజ్ అక్క, జయనగర (12:21)
అన్నయ్యగారూ, కంగారు పడకండి. ఇరవై ఏళ్లుగా పిల్లల రైఫిల్స్ చూస్తున్నాను. మురికితో పాడైనవాటికంటే శుభ్రం చేయబోయి పాడుచేసినవే మా దగ్గరికి ఎక్కువ వస్తాయి. నాకు బాధ కలిగించే విషయం ఇదే, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

మీది గాలి రైఫిల్. ఇందులో మందు లేదు, కాలేది లేదు, కాబట్టి మసి ఉండదు. సిలిండర్‌లో 200 బార్ గాలి ఉంటుంది. రెగ్యులేటర్ దాన్ని తక్కువ ఒత్తిడికి దించి, ప్రతి గుండుకీ ఒకే కొలత గాలి అందిస్తుంది. అందుకే మొదటి గుండూ అరవయ్యో గుండూ ఒకే వేగంతో వెళ్తాయి. పది రింగు వెడల్పు అర మిల్లీమీటరే, ఆ వేగం కొంచెం మారినా స్కోరులో తెలిసిపోతుంది.

185 సంగతి చెప్తాను. పెద్ద సిలిండర్‌లోంచి వాల్వ్ గబగబా తిప్పి నింపారు కదా? చిన్న సిలిండర్‌లోకి గాలి ఒక్కసారిగా కూరుకుపోతే వేడెక్కుతుంది. చెయ్యి పెడితే తెలుస్తుంది. వేడి గాలి 200 చూపిస్తుంది. చల్లారితే గాలి ఒక్క చుక్క పోకుండానే 185, 187 దగ్గరికి దిగుతుంది. సైకిల్ పంపు కొడితే అడుగున కాలినట్టే ఇదీ. రెండోసారి నింపాక ఎంతకి దిగింది?

అమ్ములు నాన్న, మారతహళ్లి (12:27)
195. ఆ తర్వాత దిగలేదు. అది చెప్పాల్సిన విషయం అనుకోలేదమ్మా.

రేంజ్ అక్క, జయనగర (12:38)
అదే అసలు విషయం అన్నయ్యగారూ. లీక్ అయితే ఆగదు, దిగుతూనే ఉంటుంది. అయినా ఒకసారి చూద్దాం. రైఫిల్ నుంచి సిలిండర్ విప్పి పక్కన పెట్టండి. మీటర్‌లో ఎంతుందో కాగితం మీద రాసుకుని పడుకోండి. పొద్దున్నే బాగా దిగి ఉంటే సిలిండర్ వాల్వ్‌లో లోపం. దిగకుండా ఉండి, రైఫిల్‌కి బిగించాక దిగితే బిగించే చోటి ఓ-రింగ్ అనే రబ్బరు సీల్‌దో, రెగ్యులేటర్‌దో తప్పు. అప్పుడు కాసిని సబ్బునీళ్లు బ్రష్‌తో ఆ జాయింట్ చుట్టూ పూస్తే బుడగలు వస్తాయి. రెగ్యులేటర్ మాత్రం మీరు విప్పకండి. ఒత్తిడి లోపల ఉండగా అసలే వద్దు.

మరల మీద కొట్టిన స్ప్రే అక్కడి గ్రీజును కడిగేస్తుంది. పొడి గుడ్డతో పూర్తిగా తుడిచేసి, ఓ-రింగ్‌కి సిలికాన్ గ్రీజు రవ్వంత, వేలి కొసన కనపడీ కనపడనంత రాయండి. అక్కడ పెట్రోలు జాతి నూనె ఏదీ వద్దు. కొన్ని రబ్బర్లు దానికి ఉబ్బుతాయి. పైగా 200 బార్ గాలిలో నూనె ఆవిరి మండే ప్రమాదం కూడా ఉంది.

మాజీ సైనికుడు, హలసూరు (12:44)
ఇంత రాద్ధాంతం ఎందుకమ్మా? గాలిని గ్యాస్ అంటాడేమిటి ఈ అబ్బాయి? గ్యాస్ సిస్టం అని రాస్తే నేను పిస్టన్ అనుకోనూ? ఎయిర్ అని రాయాలి. మాట సరిగ్గా లేకపోతే మందూ సరిగ్గా ఉండదు.

పాత షూటర్ (12:50)
అలా అనలేం సార్. మా రోజుల్లో, ఎనభైల చివర్లో, టెన్ మీటర్ రైఫిల్స్‌లో కార్బన్ డయాక్సైడ్ ఉండేది. గ్యాస్ రైఫిల్ అనే పిలిచేవాళ్లం. అది సిలిండర్‌లో ద్రవంగా ఉంటుంది, 20 డిగ్రీల్లో సుమారు 57 బార్. ఎండకి ఒత్తిడి పెరిగి గుండు పైకి పోయేది. కంప్రెస్డ్ ఎయిర్ వచ్చాక ఆ గొడవ పోయింది, పాత పేరు మాత్రం నోట్లో ఉండిపోయింది. ఆయన తప్పేం లేదు.

మాజీ సైనికుడు, హలసూరు (12:53)
నోట్లో ఉన్నంత మాత్రాన ఒప్పయిపోదు. గ్యాస్ ఆపరేటెడ్ అన్నది ప్రపంచమంతా ఒకే అర్థంలో వాడే మాట.

పది మీటర్లు (12:54)
సిలిండర్ మీద తేదీ?

అమ్ములు నాన్న, మారతహళ్లి (12:58)
2019 అని చెక్కి ఉంది.

పది మీటర్లు (12:58)
2029 దాకా వాడొచ్చు. పదేళ్లు దాటితే మ్యాచ్‌లో ఒప్పుకోరు.

గజ ఈతగాడు, చెన్నై (1:06)
స్కూబా సిలిండర్లు నింపే పని నాది. రైఫిల్ గురించి తెలియదు, గాలి గురించి ఒక్క మాట. పెద్ద సిలిండర్ అయిపోయింది కదా అని ఆసుపత్రులకి సరఫరా చేసే ఆక్సిజన్ మాత్రం ఎవరూ నింపించుకోవద్దు. ఒకాయన నన్నే అడిగాడు, అదీ గ్యాసే కదా అని. ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్‌కి గ్రీజు మరక తగిలినా పేలుతుంది. ప్రాణాలు పోతాయి. పొడి గాలి, ఫిల్టర్ దాటిన గాలి, అంతే. మా ఊరి తేమలో చేతిపంపుతో నింపేవాళ్లు ఫిల్టర్ పెట్టకపోతే లోపల నీళ్లు చేరతాయి.

అమ్ములు నాన్న, మారతహళ్లి (1:10)
మాది పొడి గాలే సార్. మరి గుళ్లు కిందకెందుకు పడుతున్నాయి? బారెల్‌ని ఒకసారి వేడి నీళ్లతో కడిగేయమంటారా? మా తాతగారు అలాగే చేసేవారు.

మాజీ సైనికుడు, హలసూరు (1:19)
వద్దు. మీ తాతగారు చేసింది మాత్రం సరైన పనే. పాత 303 రైఫిల్ తూటాల క్యాపుల్లో (తూటా అడుగున మందు అంటించేవి) పొటాషియం క్లోరేట్ ఉండేది. పేలాక బారెల్‌లో ఉప్పు మిగిలేది, తేమ పీల్చి రాత్రికి రాత్రే తుప్పు పట్టించేది. ఉప్పు నూనెలో కరగదు, నీళ్లలో కరుగుతుంది. అందుకని మరిగే నీళ్లు పోసి, ఆరబెట్టి, అప్పుడు నూనె రాసేవాళ్లు. ఆ క్యాపులు పోయాయి, నీళ్లు పోసే అలవాటు ఇంకా పోలేదు. నీ దాంట్లో క్యాపే లేదు కదా బాబూ.

రేంజ్ అక్క, జయనగర (1:31)
బాబాయిగారు చెప్పింది నిజం. గుళ్లు కిందకి పోవడానికి నాకు తోచే కారణం బారెల్‌లోని నూనె. సీసం పెల్లెట్ బారెల్‌లో పల్చటి పూత వేస్తుంది, ఆ పూత కుదురుగా ఉన్నంతసేపే గుండు ఒకే చోట పడుతుంది. మీరు దాన్ని తుడిచి, మీద నూనె పూశారు. ఫెల్ట్ పెల్లెట్లు (బారెల్ తుడవడానికి వదిలే మెత్తటి గుళ్లు) పొడివి రెండేసి కలిపి పెట్టి వదలండి, తెల్లగా వచ్చేదాకా. ఎప్పుడూ వెనక వైపు నుంచే. తర్వాత మామూలు పెల్లెట్లు ఓ ముప్పై కాల్చాక చూడండి. రాగి మురికిని వదిలించే మందులు కూడా మీకు పనికిరావు, సీసపు పెల్లెట్‌కి రాగి తొడుగు ఉండదు కదా.

ఇనుప కడ్డీ ముందు నుంచి తోశారన్నారు, నా బెంగ అక్కడ. చెవి శుభ్రం చేసే దూది పుల్ల తీసుకుని బారెల్ మూతి అంచు చుట్టూ మెల్లగా తిప్పండి. లోపలి అంచున ఎక్కడైనా గీత పడి ఉంటే దూది పోగు అక్కడ తగులుకుంటుంది.

అమ్ములు నాన్న, మారతహళ్లి (1:40)
రెండు పుల్లలు తిప్పాను, సెల్ లైట్ వేసి. ఎక్కడా తగల్లేదు.

రేంజ్ అక్క, జయనగర (1:42)
హమ్మయ్య. ఇక పడుకోండి. పాపకి ఆ ఏడు, ఎనిమిది తనవి కావని పొద్దున్నే చెప్పండి, లేకపోతే తన పట్టులోనే తప్పుందనుకుని భంగిమ మార్చేసుకుంటుంది. శనివారం దాకా దాన్ని సరిచేయడం మహా కష్టం.

పాత షూటర్ (ఉదయం 6:15)
సార్, రాత్రి ఆలోచించాను. ఎస్ఎల్ఆర్‌లో గ్యాస్ పూర్తిగా మూసేసి గ్రెనేడ్ వదిలేవారంటారు, నిజమేనా?

మాజీ సైనికుడు, హలసూరు (6:32)
నిజమే. గ్యాస్ ప్లగ్ తిప్పి మూసేస్తే పిస్టన్ కదలదు, బలమంతా గ్రెనేడ్‌కే పోతుంది. చూశావా, అక్కడ గ్యాస్ అంటే గ్యాసే.

అమ్ములు నాన్న, మారతహళ్లి (7:05)
సిలిండర్ 194 దగ్గరే ఉంది. పాపకి చెప్పాను, ఇడ్లీ తింది. రేంజ్‌కి బయల్దేరాం. థాంక్సండీ.

పది మీటర్లు (7:06)
ఆ స్ప్రే డబ్బా ఇంట్లోనే పెట్టి వెళ్లండి.