డయాలసిస్ రోగి మందుల ధరల గురించి ఎవరిని అడగాలి?

మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం అంటే మా ఇబ్బంది సగం అర్థమవుతుంది. నాన్నగారికి వారానికి రెండుసార్లు డయాలసిస్. ఆ ఖర్చు ప్రభుత్వమే భరిస్తోంది, నెలకు 10,000 రూపాయల పింఛను కూడా వస్తోంది. ఆ మేలు చిన్నది కాదు. బాధంతా బయట కొనే మందులతోనే.

రక్తహీనతకు ఎరిత్రోపోయిటిన్ సూదిమందు, ఫాస్ఫరస్ తగ్గించే సెవెలమర్ మాత్రలు ప్రతి నెలా కొనాలి. మందు ఒకటే, మోతాదు ఒకటే, కంపెనీ మారితే పెట్టె మీద ధర ఎంతో తేడా. గట్టిగా అడిగితే కొందరు సగానికే ఇస్తున్నారు. అంటే అడగడం తెలియని ముసలివాళ్లు ఎంత నష్టపోతున్నట్టు?

2013 నాటి ఔషధ ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం అత్యావశ్యక ఔషధాల జాబితాలో ఉన్నవాటికి గరిష్ఠ ధర ఉంటుంది. మిగతావాటి ధర ఏడాదికి 10 శాతానికి మించి పెంచకూడదు. మరి మొదటే ఎక్కువ ధర ముద్రించుకుంటే అడ్డేమిటి?

తెలిసినవారు దయచేసి చెప్పండి. ఈ రెండు మందుల్లో ఏది జాబితాలో ఉంది? బిల్లు ఇవ్వని దుకాణంపై ఔషధ తనిఖీ అధికారికి ఫిర్యాదు చేస్తే మా పేరు బయటపడుతుందా? మళ్లీ అక్కడే కొనాల్సినవాళ్లం. సోంపేట, పలాస, ఇచ్ఛాపురం వైపు ఏ జన ఔషధి కేంద్రంలోనైనా ఈ సూదిమందును చల్లగా భద్రపరచి అమ్ముతున్నారా? డాక్టరుగారి అనుమతితో బ్రాండు మార్చినవారు, ఆ తరువాత హిమోగ్లోబిన్ ఎలా ఉందో కూడా రాయండి.