1975 నాటి మీసా ఆర్డర్ కాపీ ఎక్కడ దొరుకుతుంది?

మా తాతయ్యను 1975 జులైలో అమలాపురం దగ్గర మా ఊళ్లో ఇంటి నుంచే తీసుకెళ్లారు. మీసా (విచారణ లేకుండానే నిర్బంధించే అప్పటి అంతర్గత భద్రతా చట్టం) కింద అని తర్వాత తెలిసింది. 1977 మార్చిలో ఎమర్జెన్సీ ఎత్తేశాకే వదిలారు. అప్పట్లో మీసాకు 16ఏ సెక్షన్ చేర్చారు కాబట్టి కారణం చెప్పాల్సిన పనే లేదు. తాతయ్య ఇప్పుడు లేరు. ఆయన మీద ఏం రాశారో చూడాలని మామ్మ పట్టు. ఆవిడ పట్టు పడితే తెలుసుగా!

మా దగ్గరున్నది జైలు నుంచి వచ్చిన ఒక ఇన్‌లాండ్ లెటరే. మధ్యలో రెండు లైన్లు నల్ల సిరాతో కొట్టేసి, కింద సెన్సార్ ముద్ర వేశారు. ఖైదీ నంబరు సగం చెరిగిపోయింది.

ఆర్టీఐ పెడితే ఒక ఆఫీసు పాత రికార్డులు లేవంది, ఇంకోటి జిల్లాలు విడిపోయాయి, మా పరిధి కాదంది. లైబ్రరీలో పాత పేపర్లు తిరగేశాం. సెన్సార్ రోజులు కదా, అరెస్టుల ఊసే లేదు.

అప్పటి తూర్పుగోదావరి కలెక్టర్ ఇచ్చిన మీసా ఆర్డర్ కాపీ మీలో ఎవరైనా సంపాదించి ఉంటే, ఏ ఆఫీసులో ఏ వివరాలిచ్చి అడిగారో చెప్తారా?